డీలక్స్ నాన్న

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, రంగు చూసి, ఇది డీలక్సు, ఇది బెస్టు, ఇది మీడియం బెస్టు, ఇది మీడియం, ఇది తాలు అని నిలబడ్డ చోటే తేల్చేసే మనిషికి, ఇంటికొచ్చాక ఆ చూపు మార్చుకోవడం చేతకాదు. ఆయన్ని డీలక్స్ నాన్న అందాం. బ్రాడీపేటలో ఉంటాడు, చిలకలూరిపేటలో ఉంటాడు, ఒంగోలులోనూ ఉంటాడు. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న పిల్లాడి పేరు అడగడు. "ఎంతొచ్చినయ్?" అంటాడు. పిల్లాడు గారె గొంతులో ఇరుక్కుని నీళ్ల కోసం వెతుక్కుంటాడు.

ఆయన్ని తిట్టుకోవడం తేలికే. కానీ 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసినప్పుడు ఆయన నిక్కర్ల వయసులో ఉన్నాడు. పురుగుమందుల కొట్టు బాకీ కోసం అరుగు మీద కూర్చున్న మనిషి లేస్తాడేమోనని తలుపు సందులోంచి చూసినవాడు. అంతకు ముందు ఏడే, 1986లో, విజయవాడలో శ్రీచైతన్య కాలేజీ మొదలైంది. ఇంకొన్నేళ్లకి నల్లరేగడి ఊళ్లన్నిటా, ఎకరం అమ్మి ఫీజు కట్టినా నష్టం లేదన్న నమ్మకం స్థిరపడిపోయింది. ఆ నమ్మకానికే చొక్కా తొడిగితే మన డీలక్స్ నాన్న.

తొమ్మిదో తరగతి కొడుక్కి ఐఐటీ ఫౌండేషన్ పాఠాల కోసం ఆయన ల్యాప్‌టాప్ కొన్నాడు. అందులో కొడుకు 'ది సిమ్స్ 4' ఎక్కించాడు. 2014లో వచ్చిన ఆట. 2022 అక్టోబరు నుంచి ఊరికే ఇస్తున్నారు. డబ్బు పోలేదు కాబట్టి ఆయన దృష్టికి రాలేదు. శని, ఆదివారాలు యార్డుకి సెలవు. అలాంటి ఒక శనివారం వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు. తెర మీద ఒక పిల్లాడు బల్ల ముందు కూర్చుని హోంవర్క్ రాసుకుంటున్నాడు.

"ఎవుడ్రా వీడు? బుద్ధిమంతుడిలా ఉన్నాడే."

"ఆటలో పిల్లాడు నాన్నా. నేనే తయారుచేశా."

"ఎంతొచ్చినయ్?"

"సీ గ్రేడు. అందరికీ అక్కణ్నుంచే మొదలవుద్ది."

ఆయన మనసులో ఏ నుంచి ఎఫ్ దాకా అయిదు గ్రేడులూ యార్డు లెక్కలోకి మారిపోయాయి. "మీడియం బెస్టన్నమాట," అని కుర్చీ లాక్కున్నాడు.

ఆ ఆటలో ప్రతి మనిషికీ ఆరు గీతలుంటాయి. ఆకలి, ఓపిక, సరదా, స్నేహం, శుభ్రత. ఆరోది మర్యాద కొద్దీ చెప్పడంలేదు గానీ, కొంప ముంచింది అదే. నిండుగా ఉంటే పచ్చగా ఉంటాయి, తగ్గితే ఎర్రబడతాయి. "ఇందులో చదువు గీత ఏదిరా?" అన్నాడు. లేదన్నాడు కొడుకు. ఇవి బాగుంటే చదువు దానంతటదే సాగుద్దన్నాడు. "అందుకే సీ గ్రేడు," అని మౌసు తీసుకున్నాడు నాన్న.

మొదట టీవీ అమ్మేశాడు. తర్వాత బొమ్మల పెట్టె, గిటారు. వాడిన సామానుకి అంత రేటు వచ్చినందుకు ఆ ఊరి మార్కెట్ మీద గౌరవం పెరిగింది కూడా. బడి మూడింటికే వదిలేస్తారని తెలిసి నిర్ఘాంతపోయాడు. మూడు నుంచి హోంవర్క్, అది కాగానే పుస్తకం, మళ్లీ ఇంకో పుస్తకం. స్టడీ అవర్స్ అన్నమాట. సరదా గీత ఎర్రబడేసరికి పిల్లాడు తల పట్టుకున్నాడు. "నటన," అన్నాడు నాన్న. అర్ధరాత్రి దాటాక ఆరో గీత తెగి నేల తడిసింది. ఇంకాసేపటికి ఓపిక గీత కూడా అయిపోయి, పిల్లాడు ఆ తడి పక్కనే నేల మీద పడి నిద్రపోయాడు. మర్నాడు హోంవర్క్ సగంలో ఆపి, కంపు కొడుతూ బడికెళ్లాడు. రెండు మూడు రోజులు ఇదే వరస. గ్రేడు డీకి జారింది.

నాన్న ముఖం చూసి కొడుకు పాత ఆటల కథలు ఎత్తుకున్నాడు. 2000లో వచ్చిన మొదటి సిమ్స్‌లో మార్కులు మరీ పడిపోతే పిల్లాణ్ని మిలటరీ స్కూలుకి పంపేస్తారు, ఇక తిరిగి రాడు. "అదీ ఆటంటే! ఎందుకు తీసేశారు?" 2004 నాటి రెండో ఆటలో ప్రైవేటు స్కూల్లో సీటు కావాలంటే హెడ్‌మాస్టర్ని భోజనానికి పిలిచి, ఇల్లంతా చూపించి మెప్పించాలి. "ఆయనే మనింటికొస్తాడా!" అని కాసేపు అసూయపడ్డాడు. 2009 నాటి మూడో ఆటలో పిల్లాడు బాగా పెరిగితే వాడి కొత్త గుణాన్ని మనమే ఎంచుకోవచ్చు, లేకపోతే ఆటే ఏదో ఒకటి అంటగడుతుంది. "గుణాలు దేనికిరా? ఎంపీసీనా బైపీసీనా, అది చెప్పమను."

పిల్లాడి మీద నొక్కితే 'హోంవర్క్‌లో సాయం చేయి' అని వచ్చింది. తెర మీది నాన్న కుర్చీ లాక్కుని కొడుకు పక్కన కూర్చోబోయాడు. "ఈయనకి వేరే పనేం లేదా? యార్డుకి పొమ్మను," అని ఈయన ఆపేశాడు. ట్యూషన్ పెట్టే మీట ఎక్కడుందని వెతికాడు. దొరక్క, విసుగొచ్చి నిద్రపోయాడు.

ఆ ఎర్ర గీతలు చూడలేక అమ్మ వచ్చి కూర్చుంది. "ముందు వాడికింత అన్నం పెట్టి, స్నానం చేయించరా." టీవీ తిరిగి కొన్నారు. బొమ్మలొచ్చాయి. తొమ్మిదింటికల్లా పడుకోబెట్టారు. తెర మీది నాన్న రోజూ ఓ గంట పక్కన కూర్చున్నాడు. ఆదివారం సాయంత్రానికి ఏ గ్రేడు వచ్చింది.

నాన్న చూశాడు. "గట్టిగా పట్టుకుంటే ఎందుకు రాదు?" అన్నాడు. అమ్మా కొడుకూ ముఖముఖాలు చూసుకున్నారు.

సోమవారం యార్డులో, దగ్గుల మధ్య, పక్క కమిషన్ కొట్టాయనతో అన్నాడు: "మా రెండోవాడు డీలక్సు బావా."

నీకు ఒక్కడే కదా అని ఆయన అడగలేదు. అంతకన్నా ముఖ్యమైనది అడిగాడు. "హాస్టలేనా?"

"ఇంటినుంచే పోయొస్తాడు. మూడింటికల్లా వచ్చేస్తాడు."

"మూడింటికా?" బావ చేతిలో కాయలు కింద పడేశాడు. "ముందా స్కూలు మాన్పించు."