సదరు సరాయి ఆత్మకథ

సూరత్ పాత నగరంలో, తాపీ నదికి చేరువలోని ముగలీసరా ప్రాంతంలో, నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయంగా జనం ఎరిగిన కట్టడం నిజానికి 1644లో బాటసారుల బస కోసం వెలసిన సరాయి. సరాయి అంటే మొగలుల కాలపు విడిది. నడుమ విశాలమైన ముంగిలి, దాని చుట్టూ వరుసగా గదులు, రాకపోకలకు ఒక పెద్ద ముఖద్వారం ఉండే ఈ విడుదులు తెలుగునాట సత్రాలు చేసిన పనినే ఉత్తరాదిన చేసేవి. ఆత్మకథలు ఉత్తమ పురుషలో సాగడం ఆనవాయితీయే అయినా, నూటయాభై ఏళ్లకు పైగా దస్త్రాల నడుమ బతికిన కట్టడానికి అర్జీల భాష ఒంటబట్టడం సహజం కనుక, ఇది తన సంగతి తాను చెప్పుకునేటప్పుడు కూడా ‘సదరు సరాయి’ అనే అంటుంది.

పుట్టుక గురించి సదరు సరాయి ఎక్కువ మాట్లాడదు. షాజహాన్ ఏలుబడిలో, సూరత్ రేవు ఆదాయం ఆయన కుమార్తె జహనారా బేగంకు చెల్లుతున్న రోజుల్లో, హఖీఖత్ ఖాన్ అన్న బిరుదు గల ఇస్‌హాక్ బేగ్ యజ్దీ తనను కట్టించాడనీ, అందుకు 33 వేల రూపాయల పైచిలుకు ఖర్చయిందని చెబుతారనీ, హజ్ యాత్రికుల బస కోసమే తనను ఉద్దేశించారనీ చెప్పి ఊరుకుంటుంది. మక్కాకు పోయే ఓడలు ఎక్కే రేవు కావడం వల్ల సూరత్‌కు ‘మక్కా ద్వారం’ అన్న పేరు ఉండేది. తెరచాప ఓడలు ఋతుపవనాల గాలిని బట్టి కదిలేవి కనుక, దేశం నలుమూలల నుంచి నడిచో బండెక్కో వచ్చిన యాత్రికుడు గాలి అనుకూలించేదాకా ఊళ్లోనే ఆగిపోవలసి వచ్చేది. కలిగినవాడు అద్దె ఇల్లు చూసుకుంటే, లేనివాడికి సరాయి దిక్కయ్యేది.

తన పాత కొలువును తలచుకున్నప్పుడు మాత్రం సదరు సరాయి గొంతు పెరుగుతుంది. 1656లో సూరత్‌లో దిగిన వెనీసు యాత్రికుడు నికొలావ్ మనూచీ మొగలుల దారుల వెంట ఉన్న సరాయిల నడవడిని వివరంగా రాసిపెట్టాడు. పొద్దు గూకగానే కావలివాడు తలుపులు మూసి, ఎవరి సామాను వారు చూసుకోవాలనీ, గుర్రాలను కట్టేసుకోవాలనీ, అన్నిటికన్నా దొంగబుద్ధి గల కుక్కలతో జాగ్రత్తగా ఉండాలనీ కేక వేసేవాడు. తెల్లవారి తలుపులు తీసే ముందు మళ్లీ మూడుసార్లు హెచ్చరించేవాడు. ఎవరి వస్తువైనా పోయిందని తేలితే అది దొరికేదాకా ఒక్కరినీ గడప దాటనిచ్చేవారు కాదు. వంట చేసిపెట్టి, గది ఊడ్చి, మంచం వేసి ఇచ్చేవారిని భటియారాలు అనేవారు; బాటసారి పరుపు తానే మోసుకొచ్చుకుని, పిండీ నెయ్యీ అక్కడే కొనుక్కునేవాడు. కులాసాకు లోటు ఉండవచ్చు గాని, తలుపు మూసిన తరువాత లోపలివాడి మూటకు పూచీ ఉండేదన్నది సరాయిల జాతి మొత్తానికి గర్వకారణం.

ఆ రోజుల్లో సూరత్ నుంచి ఒక బాట నేరుగా తెలుగు నేలకు పోయేది. ఫ్రెంచి రత్నవర్తకుడు తవర్నియే 1645లో ఆ బాటనే పట్టి, దౌలతాబాద్ మీదుగా గోల్కొండకు చేరి, అక్కడి నుంచి గనుల వైపు కదిలాడు. కృష్ణ ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలో ఉన్న కొల్లూరు గనుల వజ్రాల గురించి ఐరోపా వారు వివరంగా తెలుసుకున్నది ఆయన రాతల వల్లనే. తెలుగు నేల రాయి సూరత్ రేవు దాకా ప్రయాణం చేసే ఆ కాలంలో, నడుముకు రత్నాల సంచి చుట్టుకున్నవాడికీ, యాత్రకు సరిపడా చిల్లర కొంగున ముడి వేసుకున్నవాడికీ దారి ఒకటే, దుమ్ము ఒకటే, చీకటి పడితే వెతుక్కునే ఆశ్రయమూ ఒకటే.

ఆ తరువాత కథ క్షీణత కథ. శివాజీ సైన్యం 1664లోను, 1670లోను నగరాన్ని కొల్లగొట్టింది. 1687లో ఇంగ్లీషు కంపెనీ తన ప్రధాన స్థానాన్ని బొంబాయికి మార్చుకుంది. 1695లో హజ్ నుంచి యాత్రికులతో సూరత్‌కు తిరిగివస్తున్న గంజ్-ఇ-సవాయీ ఓడను హెన్రీ ఎవరీ అనే సముద్రపు దొంగ దోచుకున్నాడు. గాలి కోసం వేచి, పుణ్యం కట్టుకుని, ఇంటి ముఖం పట్టినవారు ఒడ్డు చూడకముందే సర్వం పోగొట్టుకున్న ఆ వార్తను సదరు సరాయి ఈనాటికీ తన అతిథులకు జరిగిన అన్యాయంగానే లెక్కవేస్తుంది. ఈ దెబ్బలన్నిటికన్నా నెమ్మదిగా, గట్టిగా పనిచేసినది తాపీ నది తెచ్చిన ఒండ్రు; నదీముఖం పూడుకుపోయి పెద్ద ఓడలు రాలేకపోగా, బొంబాయి లోతైన రేవు వర్తకాన్నీ, ఆవిరి ఓడల కాలం వచ్చాక యాత్రికులనూ తనవైపు లాగేసుకుంది. కంపెనీ 1759లో సూరత్ కోటను, 1800లో నగర పాలనను చేజిక్కించుకునే నాటికి, మక్కా ద్వారం తెరిచే ఉన్నా దాటేవారు పలచబడ్డారు.

పాడుబడడం అంటే కూలిపోవడమే అనుకునేవారు కట్టడాల మనసు తెలియనివారు. కప్పు నిలిచి ఉండగా, తలుపు తిరుగుతూ ఉండగా, వచ్చేవాడు రాకపోవడం కూలడం కన్నా కష్టం. పొయ్యి రాజేసేవారు లేక, గోడలకు కొత్త మసి పట్టక, సాయంత్రం హెచ్చరిక చెప్పడానికి కావలివాడు ఉన్నా వినడానికి మనిషి లేక గడిచే రోజులను ఏ చరిత్రకారుడూ తేదీ వేసి రాయడు. సత్రం కట్టించినవాడి పేరు శిలాశాసనంలో ఉంటుంది, పడుకుని లేచి వెళ్లినవారి పేర్లు ఎక్కడా ఉండవు కనుక, వారు రావడం మానేసిన నాడు ఎవరు రాలేదో చెప్పే సాక్ష్యం కూడా మిగలదు. ఆ ఖాళీకి సర్కారు కనిపెట్టిన మందు మరీ చేదైనది. ధర్మంగా బస ఇవ్వడానికి కట్టిన గదులను పందొమ్మిదో శతాబ్దంలో కొంతకాలం జైలుగా వాడారు. సామాను కాపాడడానికి రాత్రి వేసి తెల్లవారి తీసే తలుపును, మనిషిని పోనివ్వకుండా ఉంచడానికి వేశారన్న మాట చెప్పేటప్పుడు సదరు సరాయి అర్జీ భాష కాస్త తడబడుతుంది.

ఇదే కాలచక్రం మరో దేశంలో తలకిందులుగా తిరిగింది. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో నగరానికి కొద్ది దూరంలో, రామ్సే వంశీయులదైన పదమూడో శతాబ్దం నాటి డల్హౌసీ కోట ఉంది. 1853లో నిజాం చేతి నుంచి బీరారును కంపెనీ పాలన కిందికి తెచ్చిన గవర్నర్ జనరల్ డల్హౌసీ ఆ ఇంటి బిడ్డే, 1860లో కన్నుమూసినదీ ఆ కోటలోనే. ఆ కోట 1972లో హోటలు అయింది; పచ్చిక బయళ్ల నడుమ, చరిత్ర పురుషుల పేర్లు పెట్టిన గదుల్లో సెలవు గడపడానికి వచ్చే అతిథులు, కమాను కప్పు గల పాత నేలమాళిగలో, ‘చెరసాల’ అని పేరు పెట్టుకున్న భోజనశాలలో, కొవ్వొత్తి వెలుగున విందు ఆరగిస్తారు. అక్కడ చెరసాల పేరు చెప్పి అతిథికి భోజనం పెడుతున్నారు; ఇక్కడ అతిథి గదులనే చెరసాల చేశారు.

ఇలాంటి పల్లెటూరి భవంతులు హోటళ్లుగా మారడానికి కారణం వైభవం కాదు, ఖర్చు. వారసత్వ పన్నులు పెరిగి, నౌకర్లు దొరకక, కప్పు మరమ్మతుకే ఆస్తి కరిగిపోతున్న స్థితిలో ఇరవయ్యో శతాబ్దంలో స్కాట్లండ్‌లో ఎన్నో భవనాలు నేలమట్టం కాగా, అద్దెకు గది ఇవ్వడం నేర్చుకున్నవి నిలిచాయి. ఫోర్ట్ విలియం ఊరి దగ్గర 1863లో కట్టిన ఇన్వర్‌లోకీ కోటలో 1873లో విక్టోరియా రాణి వారం రోజులు విడిది చేసింది. 1969లో అదీ హోటలైంది. తెలుగునాట హైదరాబాదు గుట్ట మీది ఫలక్‌నుమా కథా దాదాపు ఇదే. వికార్ ఉల్ ఉమ్రా 1884లో పునాది వేసి, అప్పులపాలై కట్టించిన ఆ ప్రాసాదం ఆరో నిజాం చేతికి పోయి రాజాతిథుల విడిది అయింది. 1951లో బస చేసిన రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తరువాత దశాబ్దాల పాటు మూతబడి, 2010లో హోటలుగా తెరుచుకుంది. ఒక్క కుటుంబం కోసం కట్టిన ఆ ఇళ్లు నేడు డబ్బు కట్టగల ఎవరినైనా రమ్మంటుండగా, డబ్బులేనివారి కోసం కట్టిన సదరు సరాయిలో ఒక్క బాటసారి కూడా రాత్రి గడపడానికి వీలులేదు.

అయినా 1867లో పురపాలక కార్యాలయం తనలోకి రావడం వల్లనే గోడలు నిలిచాయన్న సంగతిని సరాయి దాచదు. కొలువు మారినా ఊరి సేవలో ఉన్నానన్న తృప్తి దానికి ఒకటి మిగిలింది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ విడిచి పారిపోయారు. మనుషులు వచ్చి ఆగడానికి కట్టిన కట్టడానికి, జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఊరు వదలడం చూడవలసి రావడం మరో శిక్ష. 1995 మే నెలలో నగర కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, తెలుగువాడు, నగరాన్ని ఆరు మండలాలుగా విభజించి అధికారాలు పంచి, చల్లని గదుల్లోని అధికారులను రోజూ పొద్దున చెత్తకుప్పల దగ్గరకు పంపాడు. ఏడాదిన్నర గడిచేసరికి అదే సూరత్ ఒక సర్వేలో దేశంలోని పరిశుభ్ర నగరాల్లో రెండో స్థానానికి చేరింది. ఆయనకు 1998లో పద్మశ్రీ వచ్చింది. గదులు మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉన్నందుకు సదరు సరాయి సంతోషించిన కాలం అదొక్కటే.

ఆ మండలాల్లో తూర్పు వైపుది వరాఛా. ఘంటీ అని పిలిచే సానచక్రం చుట్టూ నలుగురేసి కూర్చుని వజ్రాలకు సాన పట్టే కార్ఖానాలూ, మినీ బజారులో నడివీధినే కాగితపు పొట్లాలు విప్పి బేరమాడే వర్తకులూ గల ఆ పేటకు ఇప్పుడు రాళ్లు ఆఫ్రికా నుంచీ రష్యా నుంచీ వస్తాయి. కొల్లూరు గనుల చోటు పులిచింతల జలాశయం కింద మునిగింది. రాళ్లు ఆగినా తెలుగువారు ఆగలేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి సాంచాల, అంటే మరమగ్గాల, పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలీల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. అయితే కొత్తగా వచ్చినవాడికి బడి కన్నా ముందు కావలసింది రాత్రికి చోటు. పగటి షిఫ్టు వాడు లేచిపోయిన చాప మీద రాత్రి షిఫ్టు వాడు నడుము వాల్చే ఇరుకు మెస్ గదులు ఈ మగ్గాల నగరంలో నేటికీ ఉన్నాయి. మూటకు పూచీ పడే కావలివాడు అక్కడ లేడు.

ఈ మధ్య సదరు సరాయి ఎవరిదన్న వాదమూ నడిచింది; అది తమదని వక్ఫ్ బోర్డు 2021లో ఇచ్చిన ఉత్తర్వును 2024లో వక్ఫ్ ట్రిబ్యునల్ కొట్టివేసింది. నగరపాలక సంస్థ తన కొత్త ప్రధాన కార్యాలయాన్ని రింగ్ రోడ్డులో పాత సబ్‌జైలు స్థలంలో కట్టడం చేపట్టింది. దస్త్రాలు తరలిపోయిన నాడు ఈ గదులు మళ్లీ ఖాళీ అవుతాయి. వాటిని ప్రదర్శనశాల చేద్దామనేవారూ, స్కాట్లండ్ తరహాలో ఖరీదైన హోటలు చేద్దామనేవారూ తప్పక బయలుదేరుతారు. చరిత్ర గల ఇంట్లో ఒక రాత్రి గడపడం డబ్బున్నవారి వేడుకగానే మిగలనక్కరలేదు. పనికోసమో, వైద్యం కోసమో సూరత్‌కు వచ్చి రైలు దిగినవాడికి కొద్దిపాటి రుసుముతో ఒక రాత్రి తలదాచుకునే గదుల వరుస ఒకటైనా ఆ ముంగిలి చుట్టూ ఉంచాలని నగర పెద్దలను అడగవలసిన బాధ్యత, అలా మూటతో దిగినవారి బిడ్డలైన వరాఛా వాసుల మీదనే ఉంది.