వనచరుని పంచాంగము

సింగపూరునకు వచ్చిన తెలుగువాడు మొదటి సంవత్సరమున ఇంటి అద్దె గురించియు, రెండవ సంవత్సరమున శాశ్వతనివాసపు (పి.ఆర్.) కాగితముల గురించియు, మూడవ సంవత్సరమున పిల్లల బడి గురించియు మాటలాడుట లోకధర్మము. ఆ పిమ్మట కొందరు బంగారు ధరకును, కొందరు ఊరిలోని ఇండ్లస్థలములకును మరలిపోగా, నూటికొక్కడు ఉన్నట్టుండి పుట్టగొడుగుల గురించి మాటలాడ మొదలుపెట్టును. ఈ నూటికొక్కనికి మా మిత్రబృందము వనచరుడని బిరుదమిచ్చినది. ఆ మాట విని అతడు మురిసిపోయెనే కాని, మన కవులు దానిని కోతులకును వాడుదురని అతనికి తట్టలేదు, మేమును చెప్పలేదు.

వనచరుడు పుట్టుకతో వనచరుడు కాడు. గోదావరి ఒడ్డున, కొబ్బరితోటల నడుమ, ఇరువది యేండ్లు పెరిగియు అతడు తలయెత్తి పిట్టను చూచినవాడు కాడు. చూచినను, అది మా జామకాయను కొట్టినదా, పొరుగువారి జామకాయను కొట్టినదా యని విచారించుటకే. అట్టివాడు చాంగీ దిక్కున నొక బ్యాంకువారి కంప్యూటరు ఎదుట పదేండ్లు కూర్చుండి, వెన్నునొప్పి సంపాదించి, నడువుమని వైద్యుడు చెప్పగా నడచుచు నడచుచు, ఒకనాడు బుకిట్ తిమా కొండదారిలో కుళ్ళిన దుంగమీద గులాబిరంగు గిన్నెవలె నిలిచిన బూజును చూచి మోకరిల్లెను. నొప్పి పోయినదో లేదో తెలియదు కాని, నాటినుండి అతడు నిటారుగా నిలిచిన గడియలు తక్కువ.

సింగపూరు భూమధ్యరేఖకు ఒక్క డిగ్రీ పైన నున్న దేశము. ఉగాదినాడును ఉక్కయే, సంక్రాంతినాడును ఉక్కయే. ఏటికి రెండువేల మిల్లీమీటర్లకు పైబడి కురియు వాన ఏ నెలనైనను గొడుగు లేనివానినే వెదకికొని వచ్చును. ఇచ్చట ఋతువులు లేవని ఎవరైన నిట్టూర్చినచో వనచరుడు సహింపడు. “మీకు లేవు, నాకు ఆరు చాలవు” అనును. అతని పంచాంగమున సెప్టెంబరు మొదలు మార్చి వరకు వలసపిట్టల కాలము. ఉత్తరమున సైబీరియా దాక విస్తరించిన చలినేలలనుండి వచ్చి సుంగై బులో బురదలో దిగు పొడుగుముక్కు పిట్టలను లెక్కించు ధ్యాసలో, ఆదివారము ఇంటికి వచ్చిన చుట్టములను అతడు లెక్కచేయడు. మార్చి, ఏప్రిలు నెలలలో ఎండ కాచి, వాన పడి, వీధులవెంట టబేబుయా చెట్లు విరగబూచినప్పుడు అతనికి వసంతము. ఈశాన్య ఋతుపవనములతో దుంగలు నానిన డిసెంబరు శిలీంధ్రమాసము. బీషాన్ పార్కులో కాంక్రీటు కాలువను తీసి 2012లో తిరిగి నదిగా మార్చిన తావున నీటికుక్కలు సంసారము చేయుచున్నవి; అవి సంపన్నుల కొలనులలో దూరి ఖరీదైన రంగుచేపలను ఆరగించినవని వార్త వచ్చిన దినము అతనికి పండుగ. మన కవులు నెత్తిన బెట్టుకొన్న కోయిల ఇచ్చట తెల్లవారకమునుపే గొంతెత్తి నిద్ర చెరచుచున్నదని ఫిర్యాదు చేయువారు కలరు. అట్టి పత్రముపై చేవ్రాలు చేయ నిరాకరించి వనచరుడు తన అంతస్తులోని రెండు స్నేహములను పోగొట్టుకొనెను.

అతని వేషమును గురించి ఒక మాట. మోకాళ్ళకు బురద, మెడలో దుర్భిణి, వీపున ఫిరంగివంటి కెమెరా, ఒంటినిండ దోమల మందు పరిమళము. ఇట్టివారు నలువదిమంది పాసిర్ రిస్ పార్కులో ఒక గుడ్లగూబ కొమ్మమీద కునికిపాట్లు పడుచుండగా, చెట్టుక్రింద ఊపిరి బిగబట్టి బారులు తీరి నిలుచుందురు. ఆ నిశ్శబ్దమును, ఆ భక్తిని, ముందువాని భుజముమీదుగా మెడ సాచు ఆ తహతహను తిరుమల క్యూలో తప్ప నేను మరియొకచోట చూడలేదు. గుడ్లగూబ ఒక కన్ను తెరచినచో నలువది కెమెరాలు ఒక్కుమ్మడి టకటకలాడును. దర్శనానందముతో అతడు ఇంటికి వచ్చినప్పుడు, ఊరినుండి చూడవచ్చిన అతని తల్లి కోడలితో మెల్లగా అనెను: “పొద్దున్నే గుడ్లగూబ ముఖం చూసొచ్చాడే అమ్మా. ముందు కాళ్లు కడుక్కుని రమ్మను.”

ఈ తల్లియే అతని శాస్త్రమునకు అగ్నిపరీక్ష. ఆమెను అడవిదారికి తీసికొనిపోయి, చెదపుట్ట ప్రక్కన మొలచిన తెల్లని గొడుగులను వనచరుడు గర్వముతో చూపగా, ఆమె కొంగు సవరించుకొనెను.

“ఒరేయ్, ఇవి అచ్చం మన పుట్టగొడుగులేరా! నాలుగు కోస్తాను, పట్టు.”

“అమ్మా, కోయకూడదు. ఇక్కడ ఆకు తెంపినా జరిమానా.”

“మరి నన్నెందుకు తీసుకొచ్చావు?”

“చూడటానికి.”

“పుట్టగొడుగుల్ని తినకుండా చూడటమేమిట్రా!”

అతడు ఓపికతో విశదీకరించెను: చెదలు పుట్టలోపల ఈ బూజును తోటవలె పెంచుననియు, దానినే తినుననియు, వానలు పడినప్పుడు ఆ తోటయే పైకి గొడుగులెత్తుననియు. ఆమె విని, “అందుకే గదరా దానికి పుట్టగొడుగని పేరు! ఈ ముక్క కోసం నువ్వు ఇన్ని పుస్తకాలు కొనాలా?” అనెను. అతని చేతిపుస్తకమున లాటిను పేర్లు వందలు. ఆమె శాస్త్రమున సమస్త శిలీంధ్రజాతియు రెండే వర్గములు: కూరకు వచ్చునవి, కుక్కగొడుగులు. లేసు పావడా కట్టిన నాట్యకత్తెవలె తెల్లవారున లేచి మధ్యాహ్నమునకు కూలబడు అపురూపమైన ఛత్రకమొకటి వనచరునకు కంటబడినప్పుడు, ఈగలను రప్పించుటకై అది వెదజల్లు దుర్గంధమును గూడ లెక్కింపక అతడు గంటసేపు దాని ప్రక్కన పండుకొని ఛాయాచిత్రములు తీసెను. ఆ సాయంకాలము అతని భార్యయు, తల్లియు ఏకాభిప్రాయముతో అతనిని గుమ్మమువద్దనే నిలిపిరి. ఆ యింట అత్తాకోడండ్ర నడుమ ఐకమత్యము నెలకొన్నది ఈ శిలీంధ్రము వలననే.

స్థలరహస్యము వనచరుని కులవిద్య. చిత్రము అందరికి పంపును. తావు మాత్రము చెప్పడు. పల్లెలలో తొలకరికి పుట్టగొడుగులు దొరకు చోటును తోబుట్టువునకును చెప్పని ముసలమ్మలు కలరు గదా. వారిది నాలుక కొరకు, ఇతనిది కీర్తి కొరకు.

తన వెఱ్ఱికి అతడు వంశవృక్షము గూడ చూపును. 1859లో వెలసిన ఇచ్చటి బొటానిక్ గార్డెన్సునకు 1888లో అధిపతియై వచ్చిన రిడ్లీ, రబ్బరు విత్తులను తోటలవారికి బలవంతముగా అంటగట్టుచు తిరుగుటచే పిచ్చి రిడ్లీ యనిపించుకొని, నూరేండ్లు బ్రదికి, దేశదేశముల రబ్బరుతోటలను కన్నులార చూచి పోయెను. 1929లో అచ్చటికే ఉద్యోగియై వచ్చిన కార్నరు శిలీంధ్రములలో దిట్ట. ఎత్తైన చెట్ల కొమ్మలను తెంపి తెచ్చుటకు కోతులకు శిక్షణమిచ్చి పనిలో పెట్టినవాడు. ఈ కథ చెప్పునప్పుడెల్ల మేము ముసిముసి నవ్వుదుము. కార్నరునకు కోతులు నమూనాలు తెచ్చియిచ్చినవి. మా వనచరుని చేతిలోని బిస్కట్ల పొట్లమును బుకిట్ తిమా కోతులు మూడుసార్లు లాగికొనిపోయినవి.

అతిథులు వచ్చినప్పుడు ఆర్కిడ్ తోటకు కొనిపోవుట అతని వ్రతము. 1893లో రిడ్లీ వర్ణించిన వాండా మిస్ జోకిమ్ అను సంకరపుష్పము 1981లో ఈ దేశమునకు జాతీయపుష్పమైనదనియు, దానిని సృష్టించినది ఇచ్చటి ఆర్మీనియను కుటుంబపు స్త్రీ యనియు, వాండా యనునది మన సంస్కృతపు ‘వందా’ యే యనియు, మ్రాకులపై మొలచు బదనికకు అది పేరనియు అతడు ఉపన్యసించును. అతిథులు తల ఊపి, “ఇంతకీ మోదీగారి పేరు పెట్టిన పువ్వు ఎటువైపండీ?” అని అడిగి, 2018లో నామకరణమైన ఆ డెండ్రోబియము కొరకు బయలుదేరుదురు.

ఇన్నిటిని ఓర్చిన వనచరుడు ఓడిపోయినది ఒక్క పావురపు ఆర్కిడ్ చేతిలో. నగరపు నిద్రగన్నేరు కొమ్మలపై ఏడాది పొడవున ఎండుపుల్లలవలె వ్రేలాడు ఈ మొక్క, హోరువానకు గాలి హఠాత్తుగా అయిదారు డిగ్రీలు చల్లబడినచో, సుమారు తొమ్మిది దినములకు, ఆ చుట్టుపట్లనున్న తన జాతియంతయు ఒక్క మాటమీద, తెల్లని పావురముల గుంపు వ్రాలినట్లు పూచును, పరిమళించును, ప్రొద్దు గ్రుంకునప్పటికి వాడిపోవును. ఒక రాత్రి మూడున్నరకు సుమత్రా గాలివాన విరుచుకొనిపడినది. గడియారము ప్రకారము అది బుధవారము. వనచరుడు వ్రేళ్ళు మడిచి, మరుసటి వారపు శుక్రవారము నిశ్చయించి, సెలవు పెట్టి, నలువదిమందికిని వాట్సాపులో ముహూర్తము పంపెను.

తల్లి వంటింటినుండియే ఆక్షేపించెను. “తెల్లారకముందు పడిన వాన మంగళవారం వానేరా. సూర్యుడు రానిదే బుధవారం ఎలా వస్తుంది? గురువారం చూసుకో.”

“అమ్మా, ఇది తద్దినం కాదు, శాస్త్రం” అని అతడు నవ్వెను.

గురువారము అతడు చీకటితోనే ఆఫీసునకు పోయెను. సూర్యోదయమునకు తల్లి క్రిందికి దిగి చూచునప్పటికి బ్లాకు ముందరి నిద్రగన్నేరు నిద్రలో నవ్వినట్లు తెల్లబడియుండెను. ఆమె తమ పెరటి పారిజాతమును తలచుకొని, చెట్టునకు నమస్కరించి, కుమారునకు ఎనిమిదిసార్లు ఫోను చేసెను. అతడు సమావేశమున ఉండెను. సాయంకాలము ఏడింటికి అతడు పరుగెత్తి వచ్చునప్పటికి, దీపస్తంభము వెలుగున, కొమ్మలకు తడిదూది అంటుకొన్నట్లున్నది. శుక్రవారము ఆరుగంటలకు నలువది కెమెరాలు వచ్చి ఎండుపుల్లలను చూచి పోయినవి. తల్లి అందరికిని కాఫీ ఇచ్చెనేకాని ఒక్క మాటయైన అనలేదు.

ఆమె ఊరికి పోయిన కొన్నాళ్ళకు మరల ఒక బుధవారము తెల్లవారుజామున గాలివాన కొట్టినది. వనచరుడు వెంటనే గోదావరి ఒడ్డునకు ఫోను చేసెను.

“అమ్మా, ఇక్కడ ఇప్పుడే వాన పడింది. ఏ రోజు లెక్క వెయ్యను?”

“ఇక్కడ ఒంటిగంటరా నాయనా. నిన్నటి లెక్కలో వేసుకుని పడుకో.”

ఈసారి అతడు గురువారమునకును, శుక్రవారమునకును గూడ సెలవు పెట్టినాడు.