నొప్పి మీది, ప్యాకేజీ మాది

తలనొప్పికి కూడా ప్యాకేజీలొచ్చేశాయి. ఫ్లెక్సీలు మీరూ చూసే ఉంటారు. కణతలు పట్టుకున్న అందమైన అమ్మాయి, పక్కనే చేతులు కట్టుకుని నవ్వుతున్న డాక్టరుగారు, అడుగున ఈఎంఐ సౌకర్యం. సిల్వర్, గోల్డ్, ప్లాటినం. ఎవరి నొప్పి సిల్వరో, ఎవరిది ప్లాటినమో కౌంటర్ దగ్గరే తేలిపోతుంది. సినీతార వచ్చి రిబ్బన్ కత్తిరించాక ఇక మన తలలకు ఢోకా ఏముంటుంది?

మా వదినకు తోడుగా హైదరాబాద్‌లో అలాంటి ఒక క్లినిక్‌కు వెళ్లాను. పేరెందుకు లెండి. ఆవిడది మైగ్రేన్. వచ్చిందంటే లైటు వెయ్యనివ్వదు, మిక్సీ తిప్పనివ్వదు, పోపు వాసన తగిలితే వాంతే. ఇదేమీ వింత కాదు. వెలుతురు, చప్పుడు పడకపోవడం, వికారం... మైగ్రేన్‌ను గుర్తుపట్టే లక్షణాలుగా అంతర్జాతీయ వర్గీకరణలో రాసినవే. తలనొప్పుల స్పెషలిస్టుకు ఆ మాత్రం తెలిసే ఉంటుంది కదా.

తెలిసినవాళ్లు కట్టిన హాలు చూడండి. సీలింగంతా కళ్లు జిగేల్మనే లైట్లు. ఎదుటి గోడ మొత్తం స్క్రీన్, అందులో మెదడు బొమ్మ ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, ఆగదు. ఆ పక్కన టీవీలో వంటల కార్యక్రమం. మైకులో నిమిషానికోసారి ‘టోకెన్ నంబర్ ఫార్టీ టూ’ అని గావుకేక.

ఇక వాసన. మూలన ఒక యంత్రం మల్లెపూల సెంటు చిమ్ముతోంది. రోగుల మనసుకు ప్రశాంతత కోసమట! వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆవిడ పక్కన కాలేజీ కుర్రాడు నల్లద్దాలు పెట్టుకుని, ఇంకో పెద్దావిడ తలకు తువ్వాలు బిగించి కళ్లు మూసుకుని కూర్చున్నారు. టీవీ కాస్త తగ్గించమని అడిగితే, రిమోట్ మేనేజర్‌గారి దగ్గరుందంది రిసెప్షన్ అమ్మాయి. మేనేజర్‌గారు లంచ్‌లో ఉన్నారు. నొప్పి లేకుండా వెళ్లిన నాకే కణతలు లాగడం మొదలైంది. ఈ హాలు కట్టింది రోగులను కూర్చోబెట్టడానికా, తయారు చెయ్యడానికా?

1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. తలనొప్పి మీద వచ్చిన ఆ డబ్బు ఆంధ్రపత్రికను నడిపింది. ఈ ప్లాటినం డబ్బుతో ఏం నడుస్తోందో తెలీదు, టీవీ మాత్రం నడుస్తోంది.

‘ఎమ్మారై అయ్యాకే సార్ చూస్తారు మేడమ్.’ అయింది. సార్ చూశారు, ఫైలును. వదిన ‘ఎడమ కన్ను వెనకాల మొదలై...’ అంటుండగానే ‘రిపోర్ట్ నార్మల్, కంగ్రాట్స్’ అన్నారు. కంగ్రాట్స్!

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, ఒళ్లు మండుతోంది. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిన నొప్పికి, చెయ్యీ కాలూ పట్టు తప్పినప్పుడు, జ్వరంతో మెడ బిగుసుకున్నప్పుడు, యాభై దాటాక కొత్తగా మొదలైనప్పుడు ఆగకూడదు, ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. ఏళ్లుగా ఒకే తీరున వస్తూ, నరాల పరీక్షలో ఏ తేడా లేని మైగ్రేన్‌కు మామూలుగా స్కాన్ అక్కర్లేదు. తీసినా ఆ నొప్పి అందులో కనపడదు. కనపడలేదు కాబట్టి ఇంటికొచ్చాక ఏమైంది? ‘ఏమీ లేదట కదే, ఊరికే కంగారు పడతావు’ అన్నాడు మా అన్నయ్య. అంతవరకూ కనీసం జబ్బుమనిషి. ఆ రోజు నుంచి నటి. మగవాళ్లకంటే ఆడవాళ్లలో మైగ్రేన్ రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే ఇలాంటి నార్మల్ రిపోర్టులు చేతిలో పెట్టుకుని, కళ్లు తెరవలేక, చపాతీలు ఒత్తుతున్న ఆడవాళ్లు ఎంతమందో! డబ్బు కట్టి మరీ అబద్ధాలకోరు అనిపించుకోవాలా?

నెలకు ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారని అక్కడ ఒక్కరూ అడగలేదు. తలనొప్పి ఉన్నవాళ్లు మూడు నెలలకు పైగా పారాసిటమాల్ లాంటివి నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిసిన మాత్రలైతే 10 రోజులు మింగుతూ పోతే, ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. ఈ ప్రశ్నకు బిల్లు వెయ్యలేరు, అందుకే ప్యాకేజీలో లేదు. ప్లాటినంలో బొటాక్స్ ఉంది, తలకు, మెడకు, భుజాల పైభాగానికి కలిపి 31 చోట్ల సూదులు. అది నెలకు 15 రోజులు, ఆపైన తలనొప్పితో బాధపడే దీర్ఘకాల మైగ్రేన్ వాళ్లకు. వదినకు వచ్చేది ఐదారు రోజులు. అయినా ‘ఆఫర్ ఈ నెలాఖరు వరకే మేడమ్’. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ లాంటి పాత, చవక మందుల ఊసే లేదు. వాటికి ఫ్లెక్సీ ఎవరు కడతారు?

డాక్టరు మిమ్మల్ని చూడకముందే స్కాన్‌కు బిల్లు కట్టమంటే కట్టకండి. వంటింటి క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజు, మాత్ర వేసుకున్న రోజు గుర్తు పెట్టుకుని ఆ కాగితం పట్టుకెళ్లండి. దాన్ని చూడకుండా మందు రాసేది ఎంత పెద్ద స్పెషలిస్టయినా సరే, లేచి వచ్చేయండి.