ఎకరాలకూ ఓటుహక్కు!

అమెరికాలో టెక్సాస్ గవర్నర్ కావాలంటే జనం ఓట్లు ఎక్కువొస్తే చాలదట! 254 కౌంటీల్లో సగానికి పైగా గెలవాలని, అందుకు రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించాలని అక్కడి రిపబ్లికన్ పార్టీ 2024 మ్యానిఫెస్టోలో రాసుకుంది.

2020 జనగణనలో లవింగ్ కౌంటీ జనాభా అక్షరాలా 64. మన ఆర్టీసీ బస్సు ఒక్కటి చాలు, కౌంటీ మొత్తం ఎక్కేస్తుంది. హ్యూస్టన్ నగరమున్న హారిస్ కౌంటీలో 47 లక్షల మంది. కొత్త లెక్కలో మాత్రం రెండూ సరిసమానం!

జార్జియాలో ఈ ముచ్చట ఎప్పుడో తీరింది. అభ్యర్థిని ఎంచుకునే పార్టీ ప్రైమరీల్లో కౌంటీకిన్ని ఓటు యూనిట్లని పంచారు. అప్పట్లో అయిదున్నర లక్షల మంది ఉన్న ఫుల్టన్‌కు 6, రెండు వేల మందైనా లేని ఎకోల్స్‌కు 2. మనిషికి ఒక్కటే ఓటు, అందరిదీ ఒకటే విలువ అంటూ 1963లో సుప్రీంకోర్టు మొట్టికాయ వేసింది.

అయినా నాయకుల కష్టం అర్థం చేసుకోవాలి. జనమైతే రోడ్డేదీ, కరెంటేదీ అని నిలదీస్తారు. బీడు భూమి నోరెత్తదు కదా! ఇక పోలింగ్ బూత్‌లెందుకు? సర్వేయర్ చేతికి గొలుసిచ్చి పంపితే సరి. పట్టాదారు పాస్‌బుక్కే ఓటరు కార్డు!