నీరు పల్లమెరుగు, నిజం సర్వేయరెరుగు

మా విజయనగరం జిల్లాలో దేవుళ్లు నీళ్లలోంచి వస్తారు. రామతీర్థం రాముడి విగ్రహాలు నీటి మడుగులో దొరికాయని స్థలపురాణం. ఊరి పేరులో తీర్థం చేరింది అందుకేనంటారు. పైడితల్లి అమ్మవారు విజయనగరం పెద్దచెరువులో దొరికిందని ఊరంతా చెప్పుకునే కథ. అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగాక తెప్పోత్సవం ఇప్పటికీ ఆ చెరువులోనే. ఇంత చరిత్ర ఉన్న జిల్లాలో ఏ చెరువులోనైనా గ్రావెల్ లారీ దిగిందంటే, అడుగున ఇంకే దేవుడున్నాడో అని భక్తులు పరుగెత్తుకు రావాలి. రారు. ఈ రోజుల్లో మా చెరువుల్లో దొరుకుతున్నవి కార్నర్ బిట్లు.

మొన్న శివరాత్రి జాతరకు రామతీర్థం వెళ్లాం. బోడికొండ కింద రామస్వామి దర్శనం అయింది. చేతిలో కొబ్బరిచెక్క ఇంకా అలాగే ఉంది. మా బావమరిది చెవిలో ఊదాడు.

"ఎలాగా ఇంత దూరం వచ్చీసేం కదా బావా. ఓ సైటుంది, చూసీసి పోదాం."

వాడు పెళ్లిచూపులకు వెళ్లి కూడా పెరడు ఎన్ని గజాలని అడిగిన మనిషి. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి వాడికి నిద్ర లేదు. అక్కడ విమానం దిగితే ఇక్కడ గజం లేస్తుందని వాడి లెక్క.

వెంచరు పేరు చెప్పను. చెబితే ఉచిత ప్రకటన అవుతుంది. ముందు ఓ ఆర్చి, ఆర్చికి రెండు సిమెంటు ఏనుగులు, లోపల ఎర్రటి గ్రావెల్ రోడ్లు, రంగు వేసిన హద్దురాళ్లు. పక్కన బోర్డు మీద 'లేక్ వ్యూ' అని రాసి ఉంది.

"లేక్ ఏదిరా?"

"మనం నిలబడ్డదే బావా."

గట్టు మీద గేదెలు కాస్తున్న ముసలాయన ఈ మాట విని దగ్గరికొచ్చాడు.

"కొంతారేటి బాబూ? ఇది మా పెద్ద బంద. నా సిన్నప్పుడు ఆ మదుము కాడ మునిగిపోతే మా అయ్య జుత్తట్టుకుని లాగీసినాడు. తవరు నిలబడ్డకాడ నిలువెత్తు నీరు."

"ఇప్పుడు లేదు కదా తాతా?"

"ఎక్కడికి పోతాది బాబూ, పైన మబ్బులో ఉంది. దిగినప్పుడు ఎక్కడ దిగాలో దానికి ఎరికే."

మా వాడు నవ్వాడు. తాత దగ్గర కాగితం లేదు, వాడి దగ్గర ఫైలుంది. "అన్నీ క్లియరు బావా. నాలా కట్టీసేరు" అన్నాడు. సాగు భూమిని సాగేతర అవసరాలకు మార్చుకోడానికి 2006 చట్టం కింద చెల్లిస్తూ వచ్చిన రుసుమును జనం నోట నాలా అంటారు. నీళ్లు పారే కాలువనూ చాలాచోట్ల నాలా అనే అంటారు. తల తిప్పి చూస్తే బందలోకి నీరు తెచ్చే వాగు మీద అడ్డంగా ప్రహరీ ఉంది. నా బావమరిది మీద అనవసరంగా అనుమానపడ్డాను. రెండు నాలాలూ కట్టేశారు.

ఇంటికొచ్చి, ఈ దేశంలో తడినేలను కాపాడే నిబంధన ఒకటైనా ఉండదా అని వెతికాను. ఒకటి కాదు, బోలెడన్ని ఉన్నాయి. చెరువుల్లో నీటికన్నా నిబంధనలే నిండుగా ఉన్నాయి.

1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ ఊళ్లో దేశాలు కూర్చుని తడినేల అంటే ఏమిటో రాసుకున్నాయి. సహజమైనా, మనిషి తవ్వినా, నీరు నిలిచినా, పారినా, ఏడాదంతా ఉన్నా, కొన్నాళ్లే ఉన్నా తడినేల తడినేలే అన్నారు. మన కొల్లేరు 2002లో రామ్‌సర్ తడినేలల జాబితాకెక్కింది. మా గేదెల తాతకు ఈ నిర్వచనం చదివి వినిపిస్తే, "ఇది చెప్పడానికి ఇరాన్ దాకా ఎందుకు బాబూ" అంటాడు.

మన కేంద్ర ప్రభుత్వం 2017 సెప్టెంబరు 26న చిత్తడి నేలల నిబంధనలు తెచ్చింది. అందులో నిర్వచనం అక్షరాలా రామ్‌సర్‌దే. దాని వెనకే ఓ 'కానీ' ఉంది. నదీ గర్భాలు చిత్తడి నేలలు కావు. వరి పొలాలు కావు. తాగునీటి కోసం మనిషి కట్టిన చెరువులు కావు. చేపల పెంపకానికి, ఉప్పు తయారీకి, వినోదానికి, సేద్యానికి ప్రత్యేకించి కట్టినవీ కావు. మా ఉత్తరాంధ్రలో చెరువంటేనే ఎవరో ఒక రాజో, రైతో సేద్యానికి తవ్వించినది. అంటే మా తాతముత్తాతలు చేసిన పెద్ద తప్పు, చెరువును ఓ పనికోసం తవ్వడం. ఊరికే, ఏ పనీ లేకుండా గొయ్యి తవ్వి వదిలేసి ఉంటే ఈపాటికి దానికి చట్టరక్షణ అడిగేవాళ్లం.

మినహాయింపుల జల్లెడలోంచి జారిపోకుండా ఏ చెరువైనా నిలిచిందనుకుందాం. దాన్ని ప్రభుత్వం నోటిఫై చేయాలి. అయ్యాక ఒడ్డు నుంచి 50 మీటర్ల దాకా శాశ్వత కట్టడం కూడదు, పడవల రేవు తప్ప. ఒడ్డు ఏదంటే, నిబంధనలు వచ్చిన నాటి నుంచి వెనక్కి పదేళ్లలో చూసిన వరద మట్టాల సగటు. అంటే 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ నీరు లెక్కలోకి వస్తుంది. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ నీరు రాదు. తిత్లీ ఓ ఏడాది ఆలస్యం చేసింది. తుపాన్లయినా చివరి తేదీలు చూసుకుని రావాలి.

కిందిస్థాయి నిబంధన ఇంకా ముచ్చటైనది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల జీవో 168 చెరువు చుట్టూ టేపు పట్టింది. పది హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలంది. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. వెడల్పు పది మీటర్లు దాటని వాగుకు 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండు కుండలా ఉన్నప్పుడు నీరు ఆనే గీత. ఆ గీతను తేల్చేది అలుగు. మా వైపు తెలివైనవాళ్లకు ఇంత చాలు. ఎండల్లో ఓ రాత్రి జేసీబీతో అలుగు రెండడుగులు కొట్టేస్తే వానాకాలంలో నీరు అంతకు మించి నిలవదు. గీత దానంతటదే కిందికి దిగుతుంది. చట్టాన్ని ఎవరూ అతిక్రమించలేదు, చెరువే వెనక్కి తగ్గింది. పెద్దమనిషి చెరువు!

అయితే ఈ చెరువు ఎవరిదని మండల ఆఫీసులో తెలిసినాయన్ను అడిగాను. ఆయన చాలా స్పష్టంగా చెప్పాడు. నీరుంటే ఇరిగేషన్‌ది. ఎండితే రెవెన్యూది. చేపలు పడితే వేలం పాట గనక పంచాయతీది. రాళ్లు పాతితే ఎవరిదీ కాదు, కోర్టుది.

"మరి ఆక్రమించినవాడికి నోటీసు ఇవ్వరా?"

"ఎందుకివ్వం? 1905 నాటి ఆక్రమణల చట్టముంది. బి-మెమో రాసి జరిమానా వేస్తాం."

"తర్వాత?"

"తర్వాత ఆ బి-మెమోలన్నీ దాచుకుని పదేళ్లకు మళ్లీ మా దగ్గరకే వస్తాడు. ఇన్నేళ్లుగా భూమి నా స్వాధీనంలో ఉందనడానికి మీ సంతకమే సాక్ష్యం అంటాడు."

దొంగకు వేసిన జరిమానా రసీదు దొంగసొత్తుకు దస్తావేజు అవుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. అటు, మా అత్తగారి ఊళ్లో, తన తాత సంపాదించిన జిరాయితీ ఎకరం 22-ఏ నిషేధిత జాబితాలో పడిందని ఓ రైతు నాలుగేళ్లుగా తిరుగుతున్నాడు. నీళ్ల కింద ఉన్నది రిజిస్ట్రేషనవుతుంది, నాగలి కింద ఉన్నది ఆగిపోతుంది.

నేల మీద ఇలా ఉంటే ఆకాశంలో ఇంకోలా ఉంది. ఇస్రో ఉపగ్రహ చిత్రాలతో దేశంలో 2.25 హెక్టార్లకు మించిన చిత్తడి నేలల్ని లెక్కపెట్టింది. 2,01,503 అని తేలింది. వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో చెప్పింది. నేల మీదికి వెళ్లి హద్దులు సరిచూడమని 2024 డిసెంబరులో మళ్లీ చెప్పింది. వందల కిలోమీటర్ల పైనుంచి కనబడిన నీరు, గట్టు పక్కన ఆఫీసు కిటికీలోంచి కనబడటానికి ఇన్నేళ్లు పట్టింది. మా బంద నాలుగెకరాలే. 2.25 హెక్టార్లంటే ఐదున్నర ఎకరాలు. కాబట్టి ఉపగ్రహం కళ్లకు కూడా అది ఆనలేదు. గేదెలకు మాత్రం ఆనింది.

అసలు చిక్కు కొలతల్లో లేదు, పేరులో ఉందనిపిస్తుంది. మా వైపు తడినేలకు ఎన్ని పేర్లో! సముద్రం పక్కన పరుచుకున్న పల్లం బీల. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటు తంపర. కొండకర్లలో ఉన్నది ఆవ. ఊరి గుంట బంద. కొండ మీంచి దిగేది గెడ్డ. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టారంటే ఒక్కోదానితో ఒక్కో బతుకు ముడిపడి ఉందన్నమాట. రికార్డులో వీటన్నిటికీ ఒకటే ఇంటిపేరు, పోరంబోకు. చెరువు పోరంబోకు, గెడ్డ పోరంబోకు. జనం ఆ మాటను పనికిమాలిన వాణ్ని తిట్టడానికి వాడుకుంటారు. రోజూ తిట్టుపేరుతో పిలిచేదాన్ని కాపాడమంటే ఏ గుమాస్తాకు మనసొప్పుతుంది?

ఈ తిట్టు ఎంత ఖరీదైనదో శ్రీకాకుళానికి తెలుసు. 2008లో జీవో 1107తో సోంపేట బీలలో దాదాపు 972 ఎకరాలు థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. కాగితాల్లో అది పనికిరాని నేల. చుట్టుపక్కల ఊళ్లకు అదే వరి, అదే చేప, అదే పశువుల గడ్డి, ఎండాకాలం బావుల్లో ఊట. ఆ సంగతి చెప్పడానికి రైతులూ మత్స్యకారులూ అడ్డంగా నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. తూటా దగ్గర్నుంచి బయల్దేరింది గనక ముందు చేరింది. ఎనిమిది నెలలు తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపర దగ్గర మళ్లీ థర్మల్, మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. నీటిని నీరని రుజువు చేయడానికి మా వైపు ఇచ్చిన దరఖాస్తు రుసుము అది. ఆ తంపరకు దగ్గర్లోనే తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. అవి ఏ జీవో చదివి దిగుతున్నాయో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నా మాట వినకుండా మా బావమరిది రెండొందల గజాలు కొన్నాడు. తూర్పు ముఖం, వాస్తు పక్కా. ఈశాన్యంలో నీరుంటే మంచిదన్నారట. నీరు ఈశాన్యంలోనే ఆగుతుందని వాడికి ఎవరు హామీ ఇచ్చారో మరి.

దసరా వెళ్లింది. వాయుగుండం పట్టింది. రెండు రోజులు వదలకుండా కురిసింది. మూడోరోజు పొద్దున్నే ఫోను.

"బావా, ప్లాటులో మోకాల్లోతు నీరు. హద్దురాళ్లు కూడా అవుపడ్డం లేదు."

గ్రామ సచివాలయం నుంచి సిబ్బంది వచ్చి ముంపు జాబితా రాసుకుంటున్నారని చెప్పాడు. నాకు లోపల్లోపల సంతోషం వేసింది. ఆకాశం చూడలేదు, నిర్వచనం ఒప్పుకోలేదు, మండల ఆఫీసు పట్టించుకోలేదు. పోనీలే, చివరికి ఓ ప్రభుత్వ కాగితం మీద, ముద్రతో సహా, 'ఇచ్చట నీరు నిలిచినది' అని పడుతుంది. బందకు ఇన్నాళ్లకు ఓ గుర్తింపు పత్రం.

ప్లాట్ల వాళ్లంతా ఏకమై ఆ మాట కొట్టించేశారు. ముంపు అని రాస్తే గజం రేటు పడిపోతుంది. 'డ్రైనేజీ సదుపాయం లేనందున అసౌకర్యం' అని రాయించారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ కూడా పెట్టారు. తక్షణం కాలువ తవ్వించి ఈ నీటిని పక్కనున్న గెడ్డలోకి మళ్లించాలని.

"గెడ్డ ఎక్కడుందిరా? నేను చూడలేదే?"

"ఉంది బావా. ఫేజ్ టూలో. నీకో బిట్టు ఆపమంటావేటి?"