అత్యవసర తీర్మానం

2005 సెప్టెంబరు 14, న్యూయార్క్. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో వింటూ కూర్చున్న అమెరికా అధ్యక్షుడు బుష్ గారు, తన విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్‌కు చీటీ రాశారు. ఏ దేశం మీద దండయాత్రో అనుకునేరు! బాత్రూముకు వెళ్లొచ్చా అని. రాయిటర్స్ కెమెరా దాన్ని లోకానికి చాటింది. అంతకు రెండున్నరేళ్ల ముందు ఇరాక్‌లోకి సైన్యాన్ని దింపడానికి ఇదే మండలి అనుమతి కోసం ఆగని పెద్దమనిషి! పోనీ, దీనికైనా అడిగారు.

మన సభల్లో చీటీకి ఆ మాత్రం విలువా లేదు. ‘ముగించండి’ అని అధ్యక్షులవారు రాసి పంపితే, వక్త చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ‘చివరగా ఒక్క మాట’ అంటూ ఇంకో అరగంట దంచుతారు. శ్రోతల ఆశంతా ఇక కరెంటు కోత మీదే.