నేను పలకను

నేను పలకను. మాట్లాడనని కాదు, నా పేరే అది. బడిపిల్లల నల్లపలకకు దూరపు చుట్టాన్ని. నాది తెల్లటి పింగాణీ ఒళ్ళు, దానిమీద వరసగా గుంటలు. గోదావరి ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో, బస్టాండు వెనకనున్న రక్తపరీక్షల ల్యాబులో నా కాపురం. మా టెక్నీషియన్ని ఊరంతా "డాక్టరుగారూ" అంటుంది. కాదని చెప్పడం ఆయన ఎప్పుడో మానేశారు.

నా పని రెండు నిమిషాలది. మూడు గుంటల్లో మూడు రక్తపు చుక్కలు వేస్తారు. మొదటిదాంట్లో నీలం మందు, రెండోదాంట్లో పసుపు మందు, మూడోదాంట్లో నీళ్ళలాంటి మందు పడుతుంది. పుల్లతో కలిపి నన్ను అటూ ఇటూ ఊపుతారు. రక్తం విరిగిన పాలలా పలుకులు కట్టిన చోట జవాబు ఉంటుంది. నీలంలో విరిగితే ఏ, పసుపులో విరిగితే బి, రెండింట్లోనూ విరిగితే ఏబీ, ఆ రెండింట్లో దేంట్లోనూ విరక్కపోతే ఓ. మూడో గుంటలో విరిగితే పాజిటివ్.

మా వంశానికి మూలపురుషుడు వియన్నాలోని కార్ల్ ల్యాండ్‌స్టైనర్. 1901లో మూడు గ్రూపులు ఉన్నాయని ఆయన ప్రకటిస్తే, నాలుగోది మరుసటి ఏడాది ఆయన సహచరులకు దొరికింది. 1930లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఎవరి రక్తం ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు అన్నదే ఆయన తేల్చిన సంగతి. నేను నేర్చుకున్న విద్య కూడా అంతవరకే.

2020 దాకా నా దగ్గరికి గర్భిణులు, ఆపరేషన్లకు వెళ్ళేవాళ్ళు వచ్చేవారు. ఆ ఏడాది ఏ జబ్బూ లేనివాళ్ళు రావడం మొదలైంది. మార్చిలో చైనా నుంచి ఒక కబురు వచ్చింది. వూహాన్, షెంజెన్ ఆసుపత్రుల్లో 2,173 మంది కరోనా రోగుల గ్రూపులు చూస్తే, జనాభాలో ఉండే వాటా కన్నా ఏ వాళ్ళు ఎక్కువగా, ఓ వాళ్ళు తక్కువగా తేలారట. ఆ కబురు వాట్సాప్‌లో మా ఊరు చేరేసరికి "ఓ వాళ్ళకు రాదు, ఏ వాళ్ళకు గండం" అయిపోయింది. నేను కాస్తా వారఫలాల పేజీనయ్యాను.

మాస్కు గడ్డం కిందికి దించుకుని ఒక ఆటో కుర్రాడు వచ్చాడు. "డాక్టరుగారూ, నాది ఓ అయితే ఇంక ఈ గుడ్డ అక్కర్లేదు కదండీ?" అన్నాడు. "ముందు అది పైకి లాగు, తరవాత వేలు చాపు" అన్నారాయన.

అదే రోజు ఒక మామ్మగారికి "మీది బి పాజిటివ్ అండీ" అన్నారో లేదో, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచిపోయారు. "పాజిటివ్వా! ఇంట్లో పసివాళ్ళున్నారు నాయనా, నేనెక్కడ పడుకునేది?"

"కూచోండి మామ్మగారూ, ఇది పుట్టుకతో వచ్చిన పాజిటివ్. మన దేశంలో నూటికి తొంభై మందికి పైగా ఇదే" అని చెప్పి కూచోబెట్టేసరికి ఆయనకు చెమటలు పట్టాయి.

తరవాత లెక్కలు వరసకట్టాయి. జూన్‌లో ఇటలీ, స్పెయిన్ రోగుల జన్యువులు చూసినవాళ్ళు, ఊపిరాడని స్థితికి చేరే అవకాశం ఏ గ్రూపుకు ఎక్కువ, ఓ గ్రూపుకు తక్కువ అన్నారు. అయితే వాళ్ళు ఆ రోగులను పోల్చింది రక్తదాతల వంటి మామూలు జనంతో. జబ్బు సోకడం వేరు, సోకాక ముదరడం వేరు. ఆ పోలికలో రెండూ కలిసిపోయాయి. డెన్మార్క్‌లో ఆ చిక్కు కొంత వీడింది. కరోనా తేలిన 7,422 మందిలో ఓ వాళ్ళు 38.4 శాతం, జనాభాలో 41.7 శాతం. సోకడంలో ఆ కాస్త తేడా ఉంది. ఆసుపత్రిలో చేరడంలో, చనిపోవడంలో తేడా కనబడలేదు. కెనడాలో ఐసీయూలోని 95 మందిని చూస్తే, వెంటిలేటర్ ఏ, ఏబీ వాళ్ళలో 84 శాతానికి, ఓ, బి వాళ్ళలో 61 శాతానికి కావలసి వచ్చింది. 2021లో అమెరికాలో లక్షమందికి పైగా చూస్తే అసలు సంబంధమే లేదని తేలింది.

కారణాలు లేకపోలేదు. ఓ వాళ్ళలో రక్తం గడ్డకట్టించే ఒక ప్రొటీను మిగతావాళ్ళకన్నా సుమారు పావు వంతు తక్కువ. కరోనా ముదిరితే గడ్డలు కూడా ప్రాణం తీయవచ్చు కాబట్టి అది కొంత కాపు కావచ్చు. కానీ వయసు, షుగరు, ఊబకాయం, టీకా వేయించుకున్నారా లేదా అన్నవాటి ముందు గ్రూపు తేడా పిసరంత.

2021 మే నెలలో మా డాక్టరుగారికే వచ్చింది. ఆయనది ఓ పాజిటివ్, నామీదే తేలింది. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. ఆయన భార్యది ఏ గ్రూపు. ఆవిడగారికి నాలుగు రోజులు వాసన తెలియలేదు, అంతే. దీన్ని పట్టుకుని ఓ వాళ్ళకే గండం అంటే, నేనూ వాట్సాప్ పలకనైపోతాను. ఒక్క ఇంటి లెక్క లెక్క కాదు.

ఆయన తిరిగొచ్చి నన్ను కడిగి ఆరబెట్టిన రోజున ఆ ఆటో కుర్రాడు మళ్ళీ వచ్చాడు, ఈసారి మాస్కు ముక్కుమీదే ఉంది. వాళ్ళ చెల్లెలి కాన్పుకు రక్తం కావాలి, తనది సరిపోతుందో లేదో చూడమన్నాడు. రెండు నిమిషాల్లో చెప్పాను. ఎవరికి ఎవరి రక్తం పడుతుందో అడగండి, ఎప్పుడైనా చెబుతాను. రేపు మీకు జ్వరం వస్తే ఎంత ముదురుతుందని మాత్రం అడక్కండి. దానికి నేను పలకను.